దేవత కిరీటం కింద ఎవరున్నారు?

ఆ మధ్య ఒక రచయిత్రుల సమావేశంలో రాత్రి భోజనాలయ్యాక ఒక మిత్రురాలు టారో కార్డులు పరిచింది. నా చేతికొచ్చింది 'హై ప్రీస్టెస్', అంటే ప్రధాన పూజారిణి. రెండు స్తంభాల మధ్య నీలం వస్త్రాల్లో కూర్చుని ఉంది. పాదాల దగ్గర నెలవంక. "ఆ కిరీటం ఐసిస్‌ది. వెనక తెర మీద దానిమ్మలు పెర్సెఫొనీవి. మౌనం, రహస్యం, అంతర్‌జ్ఞానం... నీలోని స్త్రీశక్తి ఇదే" అంది మిత్రురాలు. అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం మనసులో ఎక్కడో చివుక్కుమంది.

సీత మౌనాన్నీ అహల్య శాపాన్నీ నిలదీసి కొత్త కథలు రాసుకున్నవాళ్లం మనం. గ్రీకు దేవతో ఈజిప్టు దేవతో ఎదురయ్యేసరికి అదే ప్రశ్న గొంతులోనే ఎందుకు ఆగిపోతోంది? మౌనమే స్త్రీకి అందమని మన శాస్త్రాలు చెబితే పితృస్వామ్యం, అదే మాట విదేశీ కార్డు చెబితే స్త్రీశక్తా?

అసలు టారో ఈజిప్టులో పుట్టనే లేదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ ప్రభువుల ఇళ్లలో ఆడుకున్న పేకాట అది. దానికి ఈజిప్టు పుట్టుకను అంటగట్టింది 1781లో పారిస్‌లో పుస్తకం వేసిన కూర్ ద జెబెలాఁ అనే పండితుడు. షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపిని ఛేదించింది 1822లో. అంటే ఆ రాతలు చదవగలిగినవాళ్లే లేని రోజుల్లో అల్లిన కథ ఇది! రెండో నెంబరు కార్డులోని స్త్రీని పూజారిణిని చేసింది కూడా ఆయనే. అంతకుముందు ఆమె పేరు 'పోపెస్'. అంటే ఆడ పోపు.

1450 ప్రాంతంలో మిలాన్ ప్రభువుల కోసం చేత్తో చిత్రించిన పేకలో ఆమె గోధుమరంగు సన్యాసిని దుస్తుల్లో, తల మీద పోపు కిరీటంతో కనిపిస్తుంది. ఆమె మయిఫ్రెడా కావచ్చని 1966లో గెర్ట్రూడ్ మోక్లీ అనే పరిశోధకురాలు ప్రతిపాదించింది. మయిఫ్రెడా మిలాన్ సన్యాసిని, అక్కడి పాలకులైన విస్కోంటీలకు బంధువు. గుల్యెల్మా అనే స్త్రీని పరిశుద్ధాత్మ అవతారంగా నమ్మిన ఒక చిన్న బృందం మయిఫ్రెడానే రాబోయే పోపు అనుకుంది. మగవాళ్లకే హక్కున్న బలిపూజను ఆమె తన చేతులతో జరిపింది. 1300లో మతవిచారణ పేరుతో ఆమెను కాల్చి చంపారు. ఆ బొమ్మ క్రైస్తవ విశ్వాసానికి ప్రతీక మాత్రమేనని వాదించే పండితులూ ఉన్నారు. ఉండనివ్వండి. ఆ తర్వాత జరిగింది చూడండి. కొన్ని ప్రాంతాల పేకల్లో పోపునీ పోపెస్‌నీ తీసేసి జూపిటర్‌నీ జూనోనీ పెట్టారు. తనంతట తానుగా కిరీటం పెట్టుకున్న స్త్రీ పోయి, దేవరాజుకి భార్య మిగిలింది. పురాణం చేసే పని ఇదే.

ఇప్పుడు మన చేతుల్లో ఎక్కువగా కనిపించే పేక సంగతికొద్దాం. అది 1909లో లండన్‌లో అచ్చయింది. ఏళ్ల తరబడి దాని పేరు 'రైడర్-వెయిట్'. రైడర్ ప్రచురణకర్త, వెయిట్ పథకం చెప్పిన పెద్దమనిషి. 78 బొమ్మలూ గీసిన పమేలా కోల్మన్ స్మిత్ పేరు అందులో లేదు. చిన్నతనంలో కొంతకాలం జమైకాలో ఉండి, అక్కడ విన్న అనాన్సీ కథలకు 1899లోనే పుస్తకరూపమిచ్చిన మనిషి ఆమె. స్త్రీల ఓటుహక్కు ఉద్యమానికి బొమ్మలు వేసింది. ఈ పేక చాలా తక్కువ డబ్బుకు చేసిన పెద్ద పని అని 1909లో ఒక మిత్రుడికి ఉత్తరం రాసుకుంది. వెయిట్ ఏం రాశాడో తెలుసా? పూజారిణి బొమ్మ విషయంలో ఆమెకు చంటిపిల్లకు తినిపించినట్టు తినిపించాల్సి వచ్చిందని 1938లో తన ఆత్మకథలో చెప్పుకున్నాడు! స్త్రీ అంతర్‌జ్ఞానానికి ప్రతీకట ఆ కార్డు. దాన్ని గీసిన స్త్రీకి మాత్రం సొంత జ్ఞానం లేదట. పమేలా 1951లో చనిపోతే, అప్పులు తీర్చడానికి ఆమె వస్తువులు అమ్మేశారు.

పక్క కార్డులు కూడా చూడండి. చక్రవర్తికి కవచం, రాతి సింహాసనం, అధికారం. సామ్రాజ్ఞికి మెత్తని దిండ్లు, పండిన గోధుమచేను, వీనస్ గుర్తు, సంతాన సాఫల్యం. మన ఇళ్లలో ఉన్న పని విభజనే గ్రీకు, రోమన్ దేవతల పేర్లతో మళ్లీ మన ముందుకొచ్చింది. దాన్నే మనం ఆదిమ సత్యం అనుకుంటున్నాం.

"దేవత బొమ్మ ఆడవాళ్లకు బలమివ్వదా?" అని అడుగుతారు. ఇవ్వొచ్చు. కరెన్ వోగెల్, విక్కీ నోబుల్ తమ పేర్లతో, తమ చేతులతో గుండ్రటి 'మదర్‌పీస్' కార్డులు తయారుచేసుకున్నారు. ఆ సాహసాన్ని నేను తక్కువ చేయను. కానీ కార్డు ఎవరు గీసినా సరే, 'శాశ్వత స్త్రీత్వం' అనగానే నాకు భయం వేస్తుంది. శాశ్వతమైనదానికి తేదీ ఉండదు. తేదీ లేనిచోట అన్యాయం చేసినవాడి పేరూ ఉండదు. ఐసిస్‌నీ పెర్సెఫొనీనీ ఎవరూ కాల్చలేరు. కాల్చింది మయిఫ్రెడాని. ఐసిస్‌కి కూలి ఇవ్వక్కర్లేదు. ఇవ్వాల్సింది పమేలాకి.

కార్డులు పారేయమని నేననడం లేదు. ఈసారి పరిచినప్పుడు దేవతల జాబితా చదివే ముందు బొమ్మ మూలన చూడండి. అక్కడ మెలికలు తిరిగిన చిన్న గుర్తుంటుంది. అది ఏ పురాణ సంకేతమూ కాదు, పమేలా సంతకం. ముందు దాన్ని చదువుదాం.