ఆ చిన్న పెట్టె కొనవలెనా?

ఈ యేటి సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గం వారు కోరినప్పుడు, తెలుగు అధ్యాపకుణ్ణి గనుక ఏ ప్రబంధాన్ని గూర్చో, ఏ కవిని గూర్చో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేనూ మొదట అట్లే అనుకొన్నాను. కాని గత రెండు నెలలుగా స్టాఫ్ రూములోను, హాస్టలు వరండాలోను, చివరకు కాలేజీ కమిటీ వారి సమక్షంలోను చర్చకు వస్తున్నది వేరొక విషయం. ఇంటర్నెట్ ద్వారా వచ్చే సినిమాలను, పాఠాలను టి.వి. తెరపై చూపే ఆ అరచేతి పరిమాణపు బాక్సు కొనడం మంచిదా? పాత టి.వి.ని తొలగించి కొత్త స్మార్ట్ టి.వి.నే తేవడం మంచిదా? లేక ఈ రెండూ అనవసరమా? నా అభిప్రాయాన్ని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అడిగారు. మాటలలో చెప్పినదానిని కాగితంపై పెడితే కమిటీ పెద్దలకు కూడ ఉపకరించవచ్చునని ఈ సాహసం చేస్తున్నాను. యంత్ర శాస్త్రం నా విషయం కాదు. అయినను, డబ్బు పోగొట్టుకొని నేర్చుకొన్న పాఠం ఒకటి నా వద్ద ఉన్నది. దానిని తరువాత మనవి చేస్తాను.

ముందుగా ఆ వస్తువు ఏమిటో చూద్దాం. టి.వి. వెనుక హెచ్.డి.ఎం.ఐ. అనే రంధ్రంలో దీనిని గుచ్చుతారు. ఇంటిలోని వైఫైతో కలుపుతారు. అంతటితో టి.వి. తెర ఒక పెద్ద ఫోను తెర వలె పనిచేయ నారంభిస్తుంది. మన దేశానికి 2014 డిసెంబరులో గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ 2,999 రూపాయలకు, 2017 ఏప్రిల్‌లో అమెజాన్ వారి ఫైర్ టి.వి. స్టిక్ 3,999 రూపాయలకు వచ్చినవి. తరువాత అనేక కంపెనీలు ఈ బాట పట్టినవి. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో ప్రభుత్వమే ఏ.పి. ఫైబర్‌నెట్ పేరిట నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టి.వి., టెలిఫోను మూడింటిని కలిపి ఇవ్వ పూనుకొన్నప్పుడు ఇంటింటికీ చేరవేయ దలచినది కూడ ఒక బాక్సునే. కాబట్టి వస్తువు మనకు బొత్తిగా కొత్తది కాదు. దాని పేరే రోజుకొక తీరున మారుతున్నది.

దీనిని కొనవలెననడానికి నాకు తోచిన బలమైన కారణం ఒక్కటే. అది టి.వి. ఆయుర్దాయానికి సంబంధించినది. నేటి టి.వి.కి రెండు వయస్సులు ఉన్నవి. తెరది ఒక వయస్సు, లోపలి మెదడుది మరొక వయస్సు. తెర పది పన్నెండేండ్లు నిక్షేపంగా పనిచేస్తుంది. మెదడు మాత్రం నాలుగైదేండ్లకే ముసలిదవుతుంది. కంపెనీ దానికి కొత్త సాఫ్ట్‌వేరు పంపడం మానివేస్తుంది. పిదప ఒక్కొక్క యాప్ పనిచేయడం ఆగిపోతుంది. అమెరికాలో 2010, 2011 సంవత్సరాల నాటి కొన్ని సామ్‌సంగ్ స్మార్ట్ టి.వి.లకు 2019 డిసెంబరు 1 నుండి నెట్‌ఫ్లిక్స్ వారు తమ కార్యక్రమాలను నిలిపివేశారు. ఆ టి.వి.ల తెరలకు ఏ లోపమూ లేదు. వాటిని కొన్నవారు చేసిన తప్పూ లేదు. అటువంటి టి.వి.కి నాలుగు వేల రూపాయల బాక్సు తగిలిస్తే అది మరల కొత్తదవుతుంది. ఎద్దు ముసలిదైనదని బండిని ఎవరూ తగులబెట్టరు గదా! ఇరవై, ముప్పది వేలు పోసి కొత్త టి.వి. కొనేకంటె ఉన్న బండికి కొత్త ఎద్దును కట్టడం మన వంటి సంసారులకు తగిన పని.

అయితే రెండు మూడేండ్ల క్రితం స్మార్ట్ టి.వి. కొన్నవారికి ఇది దండుగ. అందులో ఉన్నవే ఇందులోనూ ఉంటాయి. ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి కూడ దీని అవసరం అంతగా లేదు. రెండు మూడు వందల రూపాయల తీగ ఒకటి కొని ల్యాప్‌టాప్‌ను టి.వి.కి కలిపితే సరిపోతుంది. ఈ మాట బజారులో ఎవరూ చెప్పరు.

ఇక ఖర్చు సంగతి. బాక్సు వెల ఖర్చులో మొదటి మెట్టు మాత్రమే. ఇంటిలో వైఫై లేకపోతే అది పనిచేయదు. నెలకు 399 రూపాయలని ప్రకటనలో కనిపించే నెట్ పథకానికి 18 శాతం పన్ను చేర్చితే 471 అవుతుంది. అంటే సంవత్సరానికి 5,652. నెట్‌ఫ్లిక్స్ వారి 149 రూపాయల పథకం మన విద్యార్థులందరికీ తెలిసినదే. 2021 డిసెంబరులో ఆ ధర ప్రకటించినప్పుడు మా క్లాసులో ఒకరిద్దరు దానిని నాకు శుభవార్త వలె చెప్పారు. కాని ఆ పథకం ఫోనుకు, టాబ్లెట్టుకు మాత్రమే పరిమితం. బాక్సు కొని, టి.వి.కి తగిలించి, అదే ఖాతాతో చూడబోతే తెరపై బొమ్మ రాదు. టి.వి.లో చూడవలెనంటే అప్పటి ధరలలో కనీసం 199 రూపాయల పథకం తీసుకోవలసి ఉండినది. ఏడాదికి 2,388. బాక్సు వెల నాలుగు వేలు అనుకొంటే మొదటి సంవత్సరానికే పన్నెండు వేలు దాటినది. తెలుగు చిత్రాల కొరకు 2020లో వెలసిన 'ఆహా'ను, క్రికెట్టు కొరకు మరొకదానిని దీనికి కలపనే లేదు. కేబులు అద్దె ఎట్లాగూ ఉండనే ఉన్నది. 2019లో అమలులోకి వచ్చిన ట్రాయ్ వారి నియమాల ప్రకారం అప్పట్లో దాని మూల రుసుమే పన్నుతో 153 రూపాయల 40 పైసల వరకు ఉండినది. బాక్సు వస్తే కేబులు మానివేస్తామని అందరూ అంటారు. మా బంధువులలో మానివేసిన ఇల్లు ఇంతవరకు ఒక్కటే చూశాను. ఆ ఇంటిలోనూ మూడవ నెలలో మా పెదనాన్న పట్టుబట్టి కేబులు తిరిగి పెట్టించుకొన్నాడు.

ఫోనులోని నెట్టును హాట్‌స్పాట్ ద్వారా బాక్సుకు ఇచ్చుకొంటామనే విద్యార్థులకు ఒక చిన్న లెక్క చెప్పవలసి ఉన్నది. స్పష్టమైన హెచ్.డి. బొమ్మకు గంటకు ఇంచుమించు మూడు గిగాబైట్లు ఖర్చవుతాయి. రెండున్నర గంటల సినిమాకు ఏడున్నర. రోజుకు ఒకటిన్నర గిగాబైటు ఇచ్చే ఫోను పథకంతో కథానాయకుడు ఊరిలో అడుగు పెట్టేసరికి ఆ రోజుకు ఆట ముగుస్తుంది.

ఇప్పుడు నేను పోగొట్టుకొన్న డబ్బు కథ. మా తమ్ముడు దమ్మాములో పనిచేస్తాడు. మూడేండ్ల క్రితం బక్రీదుకు సెలవుపై వస్తూ అమ్మీ కొరకని ఒక నల్లని బాక్సు తెచ్చాడు. అక్కడి ఒక అంగడిలో, మా ఇద్దరి సొమ్ముతో కొన్నది. "అన్నయ్యా, దీనికి నెలనెలా ఏమీ కట్టనక్కరలేదు. ప్రపంచంలోని ఛానళ్లన్నీ వస్తాయి, జీవితాంతం ఉచితం" అన్నాడు. మొదటి రాత్రి మా ఇల్లు సినిమా హాలైనది. ఇరుగు పొరుగు పిల్లలందరూ వచ్చారు. అమ్మీ మాత్రం రిమోటును అటూ ఇటూ త్రిప్పి చూచి, "ఎవరో ఒకరు డబ్బు కట్టనిదే ఇంత తమాషా ఎట్లా నడుస్తుంది బేటా?" అని అడిగింది. మేము నవ్వాము.

రెండు నెలలకు సగం ఛానళ్లు ఆగిపోయినవి. అంతకంటె విచిత్రమేమంటే, టి.వి. ఆపివేసి ఉన్నప్పుడు కూడ మా ఇంటి నెట్టు నత్తనడక నడవసాగింది. పరీక్షా పత్రాల మార్కులు పంపడానికి కూర్చుంటే గంట పట్టేది. నెట్టు వేసే కుర్రవాడు వచ్చి, ఒక్కొక్క వస్తువును తీసి చూచి, చివరకు ఆ నల్ల బాక్సు తీగను పీకాడు. నెట్టు యథాస్థితికి వచ్చింది. "సార్, ఇది మీరు చూడనప్పుడు కూడ ఎవరితోనో మాట్లాడుతున్నది" అన్నాడు. నేను దానిని అతని అతిశయోక్తిగా భావించాను.

అది అతిశయోక్తి కాదని తరువాత తెలిసింది. 2025 జూన్‌లో అమెరికా వారి ఎఫ్.బి.ఐ. సంస్థ ఇటువంటి బాక్సులను గూర్చి బహిరంగంగా హెచ్చరిక చేసింది. గూగుల్ ధ్రువీకరణ లేని చౌక ఆండ్రాయిడ్ బాక్సులు కొన్ని అంగడికి చేరకముందే దొంగ ప్రోగ్రాములను కడుపులో పెట్టుకొని వస్తున్నాయి. మన ఇంటి నెట్టును మనకు తెలియకుండ ఇతరుల అక్రమ వ్యవహారాలకు దారిగా వాడుకొంటున్నాయి. ఎవడో చేసిన నేరానికి మన ఇంటి నెట్టు చిరునామా కనబడుతుందన్నమాట. బ్యాడ్‌బాక్స్ 2.0 అని పేరు పెట్టిన ఈ ఒక్క ముఠా చేతిలోనే పది లక్షలకు మించిన పరికరాలు చిక్కుకొన్నట్లు పరిశోధకులు తేల్చారు. మా బాక్సు వాటిలో ఒకటా కాదా అన్నది నేను నిరూపించలేను. కాని అమ్మీ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికినట్లే తోచింది. చూచేవాడు కట్టని డబ్బును వాని నెట్టు కడుతున్నది.

కాబట్టి ఎవరైనా కొనదలిస్తే ఒక్క సంగతి మరువరాదు. "అన్నీ ఉచితం" అన్న అట్ట పెట్టెను తిరిగి అంగడివానికే ఇచ్చివేయండి. సెట్టింగులలో ప్లే ప్రొటెక్ట్ అనే కాపలాను ఆపివేయమని అడిగే బాక్సును ఇంటి గడప దాటనీయకండి. ఇటువంటి వాటిలో మరొక చిక్కు కూడ ఉన్నది. కంపెనీల రక్షణ పరీక్షకు నిలువని బాక్సులకు నెట్‌ఫ్లిక్స్ వంటివారు స్పష్టమైన బొమ్మను ఇవ్వరు. పెద్ద తెరపై అలుకుకుపోయిన బొమ్మ చూడవలసి వస్తుంది. వెయ్యి రూపాయలు ఎక్కువైనా పేరు ఊరు ఉన్న కంపెనీ వస్తువును, రశీదుతో కొనడమే మేలు. మా ఇంటిలో ఇప్పుడున్నది అటువంటిదే. దాని రిమోటుకు నోటి మాట అర్థమవుతుంది. అమ్మీ దక్కనీలో అడిగినవాటిలో సగం గ్రహించి, తక్కిన సగానికి తనకు తోచినది చూపుతుంది. ఆమె దానిని ఒక చెవిటి కోడలితో పోల్చింది.

కమిటీ పెద్దలకు చేయవలసిన మనవి ఇంకను మిగిలి ఉన్నది. మన హాస్టలు కామన్ రూముకు, ఆడపిల్లల విశ్రాంతి గదికి రెండు కొత్త స్మార్ట్ టి.వి.లు కొనే ఆలోచన ఉన్నదని విన్నాను. ఆ ఆలోచన వెనుక ఉన్న సదుద్దేశాన్ని గౌరవిస్తూనే దానితో విభేదిస్తున్నాను. ఉన్న టి.వి.లు రెండును చక్కగా పనిచేస్తున్నవి. వాటికి రెండు బాక్సులు చాలు. మిగిలిన సొమ్ముతో లైబ్రరీకి ఏమి కొనవచ్చునో లైబ్రేరియను గారు చెప్పగలరు.

అయితే ఆ బాక్సులలో సినిమా కంపెనీల ఖాతాలు పెట్టరాదు. ఆ ఖాతాలు ఒక ఇంటివారి సొంత వినియోగానికే గాని హాస్టలు హాలులో నూరు మంది చూడడానికి కాదని వారి నిబంధనలలోనే ఉన్నది. 2023 జూలైలో నెట్‌ఫ్లిక్స్ వారు మన దేశంలో ఇతర ఇండ్లవారితో ఖాతా పంచుకోవడాన్ని అరికట్టినప్పుడు మన హాస్టలులో ఎంత విషాదం అలముకొన్నదో నాకు జ్ఞాపకమే. విద్యార్థులు నాపై కోపగించవచ్చును. కాని ఖాతా లేకుండ కూడ ఆ తెరపై చూడదగినది చాల ఉన్నది. 2017లో కేంద్ర ప్రభుత్వం 32 ఛానళ్లతో ప్రారంభించిన స్వయంప్రభ పాఠాలు, తెలంగాణ వారి టి-శాట్ పాఠాలు, యూట్యూబులో ఉర్దూలోను తెలుగులోను ఉన్న ఉపన్యాసాలు, ముషాయిరాలు, అవధానాలు, అన్నీ ఉచితం. ఈ ఉచితం వెనుక కపటం లేదు.

ఈ మాట ముఖ్యంగా ఆడపిల్లల గదిని దృష్టిలో పెట్టుకొని అంటున్నాను. మన కాలేజీ అబ్బాయిలలో ఫోను లేనివాడు అరుదు. అమ్మాయిలలో అన్నయ్య ఇంటికి వచ్చిన తరువాత అతని ఫోనులో పాఠం చూచుకొనేవారు నా క్లాసులోనే ఉన్నారు. 2020 సెప్టెంబరు 1 నుండి పొరుగున తెలంగాణలో దూరదర్శన్, టి-శాట్‌ల ద్వారా పాఠాలు ప్రసారం చేసినప్పుడు, ఫోను లేని ఇంటిలో కూడ టి.వి. ఉంటుందన్నదే ఆధారం. అంతకు ఎంతో పూర్వం, 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టి.వి. వచ్చింది. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగులోనే కార్యక్రమాలు వచ్చినవి. కోళ్ల గూళ్లకు అల్లే తీగ వలతో చేసిన గొడుగు వంటి యాంటెన్నా, బడిలోనో పంచాయతీలోనో ఒకే ఒక టి.వి., ముందు నేలపై ఊరంతా. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తెర వచ్చిన ఈ రోజులలో కూడ, తన చేతికి తెర రాని విద్యార్థినికి ఆ ఊరి టి.వి. వంటిదే ఒకటి కావలసి ఉన్నది. అది ఆమె కాలేజీలోనే ఉండవలెను. దాని రిమోటు మరొకరి చేతిలో ఉండరాదు.

మొన్న శనివారం ప్రిన్సిపాలు గారి అనుమతితో, అటెండరు వెంట రాగా ఆ గదికి వెళ్లి టి.వి.ని త్రిప్పి చూచాను. వెనుక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలు రెండు ఉన్నవి. ఒకదానిలో కేబులు వారిది ఉన్నది, రెండవది ఖాళీ. కాలేజీ వైఫై ఆ గది కిటికీ వరకు వస్తున్నది, లోపలి మూలకు రావడం లేదు. కరెంటు ప్లగ్గు దూరంగా ఉన్నందున ఒక ఎక్స్‌టెన్షను బోర్డు కూడ కావలసి ఉంటుంది.