సముద్రపు నురుగు - తుఫాను వేడి

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో కొండల నడుమ కాపురముండు మనకు సముద్రముతో నేమి పని యని కొంద రడుగవచ్చును. కంభము చెరువు నిండవలెనన్న వాన రావలెను గదా! అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనపై కురియు వానలో మిక్కిలి భాగము బంగాళాఖాతమునుండి యావిరియై లేచిన నీరే. కావున నా నీటిపై తేలు నురుగు సంగతి మనకు పరాయిది కాదు.

తడిదానిచే గాని పొడిదానిచే గాని చావని నముచిని ఇంద్రుడు నురుగుతో సంహరించిన కథ భాగవతాష్టమస్కంధమున గలదు. నురుగు పూర్తిగా నీరు గాదు, గాలియు గాదు. గాలిని చుట్టుకొన్న పలుచని నీటిపొరల సముదాయము. సముద్రమును గాలియు వేడి నిచ్చిపుచ్చుకొను గడప యిదియే.

వేసవిలో కుండకు తడిగుడ్డ చుట్టిన నీరు చల్లబడును. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలయును. ఆ వేడి కుండనుండియు పోవును. సముద్రము నిట్లే వేడిని కోల్పోవుచున్నది. ఆ యావిరి పైకెగసి మేఘమై చినుకు కట్టునపుడు, దాచుకొన్న వేడిని గాలికి విడుచును. తుఫానునకు బల మిచ్చునది యదియే.

నురుగులో గాలి యుండుటచే నది దుప్పటివలె సముద్రపు వేడిని కప్పియుంచునని తలంచుట సహజము. అందు కొంత నిజము లేకపోలేదు. అయితే మన మార్కాపురపు పలకపై నొక నీటిచుక్క నుంచి చూడుడు. అది చాలసేపు నిలుచును. దానినే వ్రేలితో పలుచగా పూసినచో త్వరలో నారిపోవును. నురుగు నిట్టి పలుచని పొరలే. పైపొర శీఘ్రముగా నావిరి యగును. క్రిందినీటి వేడి గాలిబుడగలను దాటి దానిని నెమ్మదిగా జేరును. అందుచేతనే పరారుణ చిత్రములలో ముదిరిన నురుగు చుట్టునున్న నీటికంటె చల్లగా గానవచ్చును. ఇక బుడగలు పగిలినప్పుడెల్ల సన్నని తుంపరలు గాలిలోనికెగసి తామును కొంత యావిరి యగుచుండును.

గాలి గంటకు 118 కిలోమీటర్లకు మించినచో సముద్రమంతయు తెల్లనగును. నురుగును తుంపరలును గాలిని నింపును. విమానములనుండి తుఫానులలోనికి జారవిడిచిన పరికరముల కొలతలు 2003లో ప్రకటింపబడినవి. దాదాపు ఆ వేగమునకు పైన అలలపై గాలికి గల పట్టు అంతకంతకు పెరుగక నిలిచిపోవునని తేలినది. నురుగు నీటిపై నున్నని పొరవలె పరచుకొని గాలిని జారనిచ్చుట దీనికొక కారణమని పండితులు చెప్పుచున్నారు. తుఫానునకు వేడి దొరకుచునే యుండును. రాపిడి మాత్రము దానితో సమానముగా పెరుగదు.

ఇది వట్టి వినోదము గాదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 10,000 మందిని బలిగొన్నది. నేడు ఓడలు పోజాలని చోట్ల సైతము, నురుగునుండి వెలువడు సూక్ష్మతరంగములను ఉపగ్రహములు గ్రహించి, గాలివేగము నంచనా వేయుటకు తోడ్పడుచున్నవి. హెచ్చరిక లందువలన ముందుగా నందుచున్నవి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల చెంత తీరము దాటినది. తీరము దూరమని మనము నిశ్చింతగా నుండరాదు. తుఫాను కబురు రాగానే గింజలు, కట్టెలు మెట్టకు చేర్చుడు. గోడలు నానిన యింట పిల్లలను పండుకొనబెట్టకుడు. సగిలేరు గాని, గుండ్లకమ్మ గాని, ఊరిప్రక్క చిన్నవాగు గాని పొంగియున్నప్పుడు మగవారు దాటబోయినచో చేయిపట్టి యాపుడు. నీరు తీసిన తరువాత పని చేసికొనవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు.