కోఫ్తా కూరకు జీడిపప్పు ఎందుకు?

కోఫ్తా కూర అంటే హోటల్ల తినేదే అని మా దిక్కు ఒక అభిప్రాయం పడిపోయింది. నిర్మల్ నుంచి భోకర్ వైపు పోయే 61వ నంబరు జాతీయ రహదారి మీద ఏ దాబా ముందర బండి ఆపినా, మెనూ కార్డుల మలై కోఫ్తా, వెజ్ కోఫ్తా పక్కపక్కన ఉంటయి. చుట్టాలొస్తే ఆర్డరిచ్చేది అదే, పిల్లల పుట్టినరోజుకు తెప్పిచ్చేది అదే. మరి ఇంట్ల వండుకోరాదా అంటే, "అది మనతోని అయ్యేది కాదు" అంటరు. నేను ఒప్పుకోను. కోఫ్తా కూర అసలు హోటలోళ్లతోని అయ్యేది కాదు, ఇంట్లనే అయ్యేది. ఇంట్ల చెడిపోతున్నదంటే హోటల్ లెక్క చెయ్యబోయి చెడిపోతున్నది.

హోటల్ వంటింటి తీరు వేరు. పొద్దుగాల్నే రెండు మూడు రకాల గ్రేవీలు పెద్ద గిన్నెలల్ల వండి పెట్టుకుంటరు. ఉల్లిగడ్డ, టమాటతోని ఎర్రది ఒకటి. జీడిపప్పు, కర్బూజ గింజలతోని తెల్లది ఒకటి. పనీరు అడిగితే అండ్ల పనీరు, కోఫ్తా అడిగితే అండ్ల కోఫ్తా. ఉండలు ఎప్పుడో గోలిచ్చి పెట్టినయి ఉంటయి. ఆర్డరు రాంగనే మళ్ల ఒకసారి వేడి నూనెల వేసి తీసి, పైనుంచి గ్రేవీ పోస్తరు. వాళ్లను తప్పు పట్టడం లేదు. నిమిషాల మీద వంద పళ్లేలు పంపాలంటే ఇంకో తోవ లేదు. గని ఆ ఉండ లోపలికి రసం పోవడానికి టైమే ఉండదు. ఉండ రుచి ఉండకే, గ్రేవీ రుచి గ్రేవీకే. ఆ లోటు తెలువకుండ పైన క్రీము, లోపల ఇంత చక్కెర.

నేను భైంసా మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల లెక్కలు రాసి రిటైరైన మనిషిని. పత్తి, సోయా సీజన్ గడిచినంక యాసంగిల మా యార్డుకు వచ్చేది శెనగ. మాది నల్లరేగడి. వానకాలం తడిని పట్టి ఉంచుకుంటది కాబట్టి, సోయా కోసిన చేన్లనే శెనగ పెడితే ఆ తడికి, చలికి పండుతది. భైంసా, ముధోల్, కుభీర్, తానూర్ అంతా అంతే. ఇంత శెనగ పండే జాగల శెనగపిండి వంటలు ఉండకుండ ఎట్ల ఉంటయి? మా వాడకట్టుల మరాఠీ ఇండ్లల్ల పాట్వడీ రస్సా అని చేస్తరు. శెనగపిండిని కారం, వాము వేసి ముద్దగ ఉడికించి, నూనె రాసిన పళ్లెం మీద పరిచి, ఆరినంక ముక్కలు కోసి, నాలుక మండేటంత ఘాటు రస్సల, అంటే జారు గ్రేవీల వేస్తరు. ఉలవపిండితోని శేంగోళే అని ఇంకొకటి ఉన్నది. పిండి తాడు తీర్గ చేసి చుట్టి, ఎల్లిపాయ కారం వేసిన నీళ్లల్ల నేరుగ ఉడికిస్తరు, నూనెల గోలిచ్చే పని కూడ లేదు. కూరగాయ కోఫ్తా చెయ్యస్తలేదు అనేటోళ్లు ఈ రెండిటిని కండ్లు మూసుకొని చేస్తరు. చేతిల ఉన్న విద్యనే అది. పేరు మారేసరికి భయం.

1956 నవంబరు 1కి ముందు మా ముధోల్ తాలూకా నాందేడ్ జిల్లాల ఉండె. ఆ తర్వాత ఆదిలాబాద్ అయింది, 2016 అక్టోబరు 11 నుంచి నిర్మల్. కాబట్టి మా వంటల్ల మరాఠ్వాడా వాసన ఉండటం వింత కాదు. ఇగ కోఫ్తా మొదటికి మాంసం వంట, ఖీమాతోని చేసేది, ఇరాన్ దిక్కు నుంచి వచ్చింది. మా ఊరి ముస్లిం ఇండ్లల్ల ఇప్పటికీ కోఫ్తా అంటే ఖీమాదే. భైంసా పేరు పేపర్ల పడితే మతాల గొడవ, కర్ఫ్యూ అనో ఇంటర్నెట్ బంద్ అనో పడతది. 2020 జనవరిల, 2021 మార్చిల అట్లనే పడ్డది. తిండి మనుషులను కలుపుతదని రాసేటోళ్లను చూస్తే నాకు నవ్వొస్తది. పక్కపక్క ఇండ్లల్ల ఒకే మసాల నూరుకున్నా గొడవలు అయితనే ఉన్నయి. నేను చెప్పేది అంతకంటె చిన్న సంగతి. వంట నేర్చుకునేకాడ మా ఊరి ఆడోళ్లు ఎవరినీ అడగడానికి సిగ్గుపడలే. మా అమ్మ రస్సల పత్తర్ ఫూల్ (రాతిపువ్వు) వేసుడు మరాఠీ వహిని దగ్గర నేర్చుకున్నది, ఖీమా ఉండ ఇరగకుండ తడి చెయ్యితోని చుట్టుడు ముస్లిం ఆపా దగ్గర నేర్చుకున్నది.

ఇగ కూరగాయ సంగతి. క్యారెట్, బీన్స్, బఠానీ, గోబీ అన్నీ కలిపి ఉడికించి, ఆలుగడ్డతోని మెదిపి చేస్తరు చాలామంది. అది కట్లెట్. కోఫ్తాకు నా లెక్కల ఆనిగెపుకాయను మించింది లేదు. దానికి సొంతంగ పెద్ద రుచి లేకపోవుడే దాని మంచితనం, రస్సను తాగుతది. లేతది తేవాలె, గోరు గుచ్చితే దిగేది. కోసినంక ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలె. ఇది ఉత్త చాదస్తం కాదు. చేదున్న ఆనిగెపుకాయల కుకర్బిటాసిన్లు అనే విషం ఉంటది, ఉడికించినా పోదు. చేదు రసం తాగి మనుషులు చచ్చిపోయిన కేసులు మన దేశంల ఉన్నయి. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి మరీ చూసింది. చేదు తగిలితే కాయ మొత్తం పారెయ్యాలె, డబ్బులు పోయినయని చూడొద్దు.

తురిమినంక ఉప్పు చల్లి ఓ పది నిమిషాలు వదిలేస్తే నీళ్లు ఊరుతయి. రెండు చేతులతోని గట్టిగ పిండాలె. ఆ నీళ్లు పారబోయొద్దు, రస్సకు అవే నీళ్లు. అండ్ల ఉప్పు ఉంటది కాబట్టి మళ్ల ఉప్పు వేసేటప్పుడు చెయ్యి ఆపుకోవాలె. పిండిన తురుముల సన్నగ తరిగిన పచ్చిమిరపకాయ, కొత్తిమీర, అల్లం, నలిపిన వాము, ఆ తర్వాత శెనగపిండి. పిండి ఎంత అంటే, అర కిలో కాయ తురుముకు నాలుగైదు చెంచాలు. ఉండ చేతిల నిలవాలె, గట్టిగ మాత్రం కావొద్దు. సోడా అసలే వద్దు. సోడా వేస్తే ఉండ గుల్లగ పొంగి నూనె తాగుతది, రస్సల పడంగనే విచ్చుకపోతది.

మా బిడ్డ హైదరాబాద్‌ల ఉంటది. ఒక ఆదివారం వీడియో కాల్ చేసి కడాయి చూపెట్టింది. నూనె మీద నురుగు, అడుగున మాడిన పేలికలు, ఉండ ఒక్కటీ లేదు. "బాపూ, వేసినయి వేసినట్టే మాయమైతున్నయి" అన్నది. ఏం చేసినవ్ బిడ్డా అని ఒక్కొక్కటి అడిగిన. పిండి కలిపి గంట సేపు ఫ్రిజ్‌ల పెట్టిందట, గట్టి పడతదని. ఉప్పు కలిసిన కూరగాయ ఊకే ఉండదు కద, గంటల మళ్ల ఇన్ని నీళ్లు వదిలింది. నూనె కూడ సరిగ కాగలే. శెనగపిండి వేడి తగలంగనే గట్టిపడి కూరగాయను పట్టుకుంటది. నూనె చల్లగ ఉంటే అది పట్టుకునే లోపలే ఉండ విడిపోతది. మరీ పొగలు వస్తే పైన నల్లగ, లోపల పచ్చి. కొంచెం పిండి వేస్తే అడుగుకు పోయి వెంటనే తేలాలె, అది లెక్క. వేసిన ఉండను కాసేపు కదిలించొద్దు. కలుపుడు, చుట్టుడు, గోలిచ్చుడు ఒకదాని ఎనుక ఒకటి అయిపోవాలె. మిగిలిన ముద్దల ఇంకో మూడు చెంచాల పిండి వేసి నడిపిచ్చుకున్నది పాపం. ఉండలు నిలిచినయి, బజ్జీ రుచి వచ్చినయి.

ఆమె వాడింది పాకెట్ పిండి. ఇక్కడ నేను గుమాస్తా లెక్క మాట్లాడత. మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం బేసన్ అంటే పొట్టు తీసిన శెనగల పిండి మాత్రమే, అండ్ల రంగు గని ఇంకో పిండి గని కలవొద్దు. రాతల అట్ల ఉన్నది. మార్కెట్ల పసుపు బఠానీ శెనగ కంటె అగ్గువకు దొరికినప్పుడల్లా పిండి దాని దిక్కు జరుగుతది, ఇది వ్యాపారంల ఉన్నోళ్లకు ఎరుకైన ముచ్చటనే. 2023 డిసెంబరుల కేంద్రం పసుపు బఠానీ మీద దిగుమతి సుంకం ఎత్తేసింది. కెనడా నుంచి, రష్యా నుంచి ఓడలకు ఓడలు దిగినయి. పప్పు ధరలు తగ్గాలని చేసిన్రు, నిజమే. గని 2025 సీజనుకు శెనగ మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలని ప్రకటించి, పక్కపొంటి సుంకం లేని బఠానీని దించిన్రు, అప్పుడు రైతు ఏ ధైర్యంతోని విత్తాలె? తినేటోడు ఏ నమ్మకంతోని కొనాలె?

అందుకే నేను పాకెట్ పిండి కొనను. శెనగపప్పు తెచ్చి, రాళ్లు ఏరి, కొంచెం ఎండకు పెట్టి గిర్నీకి తీసుకపోత. గిర్నీల మనకంటె ముందు ఎవరు ఏం పట్టిచ్చిన్రో అడగాలె. మిరపకాయలు పట్టిచ్చి ఉంటే ఆ పూట తిరిగి రావుడే మంచిది. జొన్నలైతే మొదటి రెండు దోసిళ్ల పిండి వేరుగ తీసి రొట్టెలల్ల కలుపుకోవచ్చు. కొత్త పిండి వాసన వేరు. మా యార్డు నుంచి శెనగ లారీలకెక్కి పోతది, పిండి పాకెట్లల్ల తిరిగొస్తది. మండలానికి ఒకటి రెండు మహిళా సంఘాలకు పప్పు మిషను, గిర్నీ పెట్టిస్తే, ఆ పిండి హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు ఇచ్చినా సరిపోతది కద. దీనికి పెద్ద ఫ్యాక్టరీ ఏం అక్కర లేదు.

ఇగ రస్స సంగతి. జీడిపప్పు వెయ్యాలంటే అది పలాస నుంచి రావాలె. మాకు పల్లీలు, నువ్వులు ఊరి పక్కనే ఉన్నయి, పసుపు నిజామాబాద్ మార్కెట్‌ది ఉన్నది. ఉల్లిగడ్డను పొట్టుతోనే నిప్పుల మీద, లేకుంటే గ్యాసు మంట మీద నల్లగ కాల్చాలె. కుడుక ముక్క కూడ అంతే. నువ్వులు, పల్లీలు, ధనియాలు, గసగసాలు వేరువేరుగ వేయించాలె. అన్నీ ఒక్కసారి వేస్తే నువ్వులు మాడుతయి, ధనియాలు పచ్చిగ ఉంటయి. లవంగాలు, చెక్క, ఇంత పత్తర్ ఫూల్. ఇవన్నీ ఎల్లిపాయతోని నూరి, నూనె పైకి తేలేదాక వేయించి, పక్కకు పెట్టిన ఆనిగెపుకాయ నీళ్లు పోసి మసలనియ్యాలె. జారుగనే ఉండాలె, చూసేటోళ్లకు నీళ్ల లెక్క కనపడాలె. ఉండలు పడినంక తాగేది తాగి, మిగిలింది చిక్కబడతది. మొదలే చిక్కగ చేస్తే పళ్లెంలకు వచ్చేసరికి ముద్ద. ఉండలు వేసినంక మంట బంద్ చేసి మూత పెట్టి, పది నిమిషాలు ముట్టొద్దు. గంటె పెట్టి కలిపితే అన్నీ ఇరుగుతయి. ఆ పది నిమిషాలే హోటల్ల దొరకనివి.

ఇంట్లనే వండుకోవాలనే నా మాటకు ఒక పెద్ద అభ్యంతరం ఉన్నది, మా ఇంటామె చెప్పేది. "నువ్వు పేపరుకు రాస్తవు, కడాయి ముందర నిలబడేది ఎవరు?" మాట నిజం. గోలిచ్చే వంటలన్నిట్ల ఒకరు పొయ్యి కాడ చెమటతోని ఉంటరు, మిగిలినోళ్లు వేడివేడిగ తింటరు. ఆ ఒకరు ఎప్పుడూ ఆడమనిషే. హోటల్ కోఫ్తా ఇంత నడవడానికి రుచి కారణం కాదు, ఈ అలసట కారణం. దీన్ని దాటెయ్యకుండ ఇంట్ల వండుకోండని సలహా చెప్పుడు అన్యాయం. కాబట్టి నా సలహా మొగోళ్లకు. తురిమి పిండుడు బలం పని, కడాయి కాడ నిలబడుడు ఓపిక పని. రెండూ మనం చెయ్యొచ్చు. మా ఇంట్ల ఆదివారం ఉండలు నావి, రస్స ఆమెది. పైగ కోఫ్తాల ఒక సౌకర్యం ఉన్నది. బజ్జీ లెక్క కడాయి నుంచి పళ్లెంలకు పరుగు లేదు. అన్నీ గోలిచ్చి, పొయ్యి ఆర్పి, రస్సల వేసినంక వండినోళ్లు కూడ అందరితోని కలిసి కూసొని తినొచ్చు. జొన్నరొట్టె ముందే చేసి పెట్టుకుంటే ఎవరూ లేవాల్సిన పని లేదు.

మా బిడ్డకు ఇవన్నీ చెప్పిన. ఉండలు ఇప్పుడు మంచిగనే చేస్తున్నది. రస్సల మాత్రం ఇంకా క్రీము పోస్తది, పిల్లలు అట్లనే తింటరట. ఆమె ఇల్లు, ఆమె ఇష్టం. శెనగపిండి మాత్రం నేను ఇక్కడ పట్టిచ్చి బస్సుల పంపుతున్న.