పట్టా గోడ మీద, ఎర్తు తీగ గాలిలో

ఒకప్పుడు ఇంజనీరంటే కాలవ గట్టు మీద జీపు దిగే దొర. ఇప్పుడు మన పల్లెల్లో ఇంజనీరు లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. అప్పులు చేసి కొందరు, ఫీజు రీయింబర్స్‌మెంటుతో కొందరు, పొలం అమ్మి మరికొందరు పిల్లల చేత బి.టెక్. చదివించారు. ఇది సంతోషించదగ్గ విషయమే. అయితే ఆ చదువు పట్టా రూపంలో గోడకెక్కిందే తప్ప ఇంటి వాడుకలోకి దిగలేదు.

సాక్ష్యం కావాలంటే బోరుబావుల దగ్గర స్టార్టరు పెట్టెలు చూడండి. చాలాచోట్ల పెట్టెకు మూత ఉండదు. ఫ్యూజు తీగ పోయిన చోట చేతికందిన లావుపాటి తీగ చుట్టి ఉంటుంది. ఎర్తు తీగ తెగి గాలిలో వేలాడుతూ ఉంటుంది. ఆ పొలం రైతు కొడుకో, అల్లుడో హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఇంజనీరు ఉద్యోగం చేస్తూ ఉంటాడు.

తడి కాళ్ళతో మోటారు వేయబోయి రైతు షాకు కొట్టి మరణించాడన్న వార్త పాఠకులకు కొత్త కాదు. అలాంటి వార్త రాయడానికి వెళ్ళినప్పుడల్లా నాకు వినబడే మాట ఒకటే, "వాడి రాత అలా ఉంది" అని. రాత అనుకున్నాక ఇక అడగడానికేముంది? కర్మకాండ ముగుస్తుంది. పక్క పొలంలో స్టార్టరు మాత్రం అలాగే ఉండిపోతుంది.

సైన్సు చదివినవాడు అడగవలసింది సరిగ్గా అక్కడే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలు పోయాయి. అదీ రాతేనని ఊరుకోవచ్చు. కాని నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వాన ఎంత పడింది, ఎగువన చెరువులు ఎన్ని తెగాయి, నది ఎంత నీరు మోయగలదు అని లెక్కలు తీశారు. ఎగువన జలాశయాలు కట్టాలని చెప్పారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఏటా సెప్టెంబరు 15న ఆయన ఫోటోకు దండ వేసి ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన వేసిన ప్రశ్నలను మాత్రం ఇంటి గుమ్మం దాటి లోపలికి రానివ్వడం లేదు.

స్టార్టరు సంగతి తెలుసుకోవడానికి బి.టెక్. కూడా అక్కర్లేదు. ఇంటర్మీడియట్‌తో ఆగిన నా బోటి వాడికి కూడా పదో తరగతి ఓమ్ నియమం గుర్తుంది. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మోటారులో తీగ పాడై ఇనుప బాడీకి కరెంటు తగిలిందనుకుందాం. ఎర్తు దారి మొత్తం నిరోధం 5 ఓమ్‌లు ఉంటే 230 వోల్టులకు 46 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. 20 ఆంపియర్ల ఫ్యూజు కాలిపోతుంది, మనిషి బతుకుతాడు. ఎండాకాలంలో ఎర్తు గుంట ఎండి ఆ నిరోధం 50 ఓమ్‌లకు పెరిగిందనుకోండి. పోయేది 4.6 ఆంపియర్లే. ఫ్యూజుకు చీమ కుట్టినట్లయినా ఉండదు. బాడీలో కరెంటు అలాగే నిలిచి, ముట్టుకునేవాడి కోసం కాచుకుని ఉంటుంది. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో బిందెడు నీళ్ళు పోయమని పెద్దలు చెప్పేది ఇందుకే. అది చాదస్తం కాదు, లెక్క.

ఆ మాటకొస్తే డిగ్రీ లేకపోయినా ఇంజనీరు బుద్ధి ఉన్నవారు మన మధ్యే ఉన్నారు. బజారులో మోటారు వైండింగు షాపుకు వెళ్ళండి. కాలిన మోటారు విప్పిన మెకానిక్కు ముందు తీగ గేజి కొలుస్తాడు, చుట్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాడు. ఎందుకు కాలిందో తేలేదాకా కొత్త తీగ చుట్టడు. కొలవడం, రాసుకోవడం, కారణం వెతకడం అతనికి అన్నం తినడమంత అలవాటు. ఆ అలవాటు రాకపోతే నాలుగేళ్ళ చదువుకు విలువేమిటి?

"మావాడు కంప్యూటరు చదివాడు, వాడికి మోటార్లేం తెలుసయ్యా" అని తండ్రులు అంటున్నారు. ఏ బ్రాంచి చదివినా ఓమ్ నియమం దాటకుండా ఎవరూ పోలేదు. ఇది కరెంటు శాఖ పని కదా అనేవారూ ఉన్నారు. కిందికి జారిన లైన్లు సరిచేయడం, ట్రాన్స్‌ఫార్మరుకు ఎర్తు చూడటం శాఖ బాధ్యతే. అందులో అలసత్వం క్షమించరానిది. కాని మన స్టార్టరు పెట్టె మనదే, అందులో లావు తీగ చుట్టిన చేయీ మనదే.

ఇకనైనా ఊళ్ళలో కదలిక రావాలి. సంక్రాంతికి ఇళ్ళకు వచ్చే ఇంజనీర్లు ఒక్క పూట పొలం వెళ్ళాలి. మెయిన్ ఆపించి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ఎర్తు, ఫ్యూజు, పెట్టె మూత చూడాలి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపే బ్రేకరు పెట్టించాలి. ఎర్తు నిరోధం కొలిచే మీటరుతో కరెంటు శాఖ సిబ్బంది వేసవికి ముందు ఊరూరా తిరగాలి. ఇంజనీరింగు కళాశాలలు జాతీయ సేవా పథకం శిబిరాల్లో చెట్లు నాటడంతో పాటు ఈ పనీ చేపట్టాలి. ఎవరైనా షాకుకు చిక్కుకుంటే ఒట్టి చేతులతో లాగరాదని, ముందు కరెంటు ఆపాలని బడి పిల్లలకు సైతం నేర్పాలి.

కొడుకు చదువు కోసం పొలం తాకట్టు పెట్టిన తండ్రి అదే పొలంలో మోటారు పట్టుకుని చనిపోతే, ఆ చదువు ఊరికి దక్కనట్లే. ఎర్తు తీగ వెల వందల్లోనే ఉంటుంది. ఇది ఖర్చుకు వెనకాడవలసిన విషయం కాదు.