ఏ బండి ఎక్కాలి?

వైరస్‌కు వర్గభేదం లేదని ఆనాడు మనకు బోధించిన పెద్దలకు ఒక్క ప్రశ్న. 2020 చలికాలంలో మనోహరాబాద్ ఫ్యాక్టరీ కూలీ సొంతూరికి పోవాలంటే ఏ బండి ఎక్కాలి? రిజర్వేషన్ అక్కరలేని ప్యాసింజర్ రైళ్లు మార్చిలో ఆగినవి ఆగినట్లే ఉన్నాయి. తిరిగే కొద్దిపాటి ప్రత్యేక రైళ్లకు ముందుగా టిక్కెట్టు కొనాలి. వేసవిలో ఇదే ఊరి మీది 44వ నంబరు రహదారి పట్టి ఎందరో కాలినడకన పోయారు. మెదక్ చలిలో, పసిబిడ్డలతో, అదీ సాధ్యమా? ఇంట్లోనే ఉండమన్నారు, ఇల్లున్నవారు!

కూలీల లెక్క లేకనే సాయం అందలేదంటారా? నమోదు చెయ్యమనీ, ప్రయాణభత్యం ఇమ్మనీ 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పనే చెప్పింది. ప్రభుత్వాలు దాన్ని నలభై ఏళ్లు అటకెక్కించాయి. 2020 సెప్టెంబరు 14న లోక్‌సభలో కార్మికశాఖ, చనిపోయిన వలస కూలీల లెక్కలు తమవద్ద లేవంది; కనుక పరిహారం ప్రశ్నే ఉదయించదంది. ఎంత నిర్మలమైన తర్కం! ఆ నెలలోనే ఆ చట్టాన్ని రద్దుచేసే కోడ్ పార్లమెంటులో నెగ్గింది.