శవాగారానికి, ప్రయోగశాలకు మధ్య గోడ దేనికి?

జార్జ్ పాలడే 1940లో బుకారెస్ట్‌లో సమర్పించిన థీసిస్ డాల్ఫిన్ మూత్రపిండం గురించి. వైద్యం చదివి అనాటమీలో పనిచేసిన ఆయన 1946లో అమెరికా వెళ్లి, రాక్‌ఫెల్లర్ సంస్థలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. ఇంటర్ బైపీసీ పిల్లలు వల్లెవేసే రైబోజోములు అక్కడ ఆయన కంటపడినవే. 1974లో నోబెల్ వచ్చింది. అవయవం నిర్మాణాన్ని ఓపికగా చూడటం నేర్చిన కన్నే ఆయనను కణం లోపలికి నడిపించింది.

ఈ దగ్గరితనానికి తగ్గట్టే కెనడాలోని కాల్గరీ, అమెరికాలోని ఇండియానా వంటి విశ్వవిద్యాలయాల్లో అనాటమీ, కణజీవశాస్త్రం ఒకే విభాగంలో ఉంటాయి. మన దగ్గర మాత్రం అనాటమీ మెడికల్ కాలేజీలో, కణజీవశాస్త్రం సైన్స్ విశ్వవిద్యాలయాల్లో. హైదరాబాద్‌నే చూడండి. గాంధీ, ఉస్మానియా వైద్య కళాశాలలు, హబ్సిగూడలో కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఒకే ఊళ్లో ఉన్నా, రెంటిలోనూ కలిసి చదివే పీజీ విద్యార్థి అరుదు.

ఈ గోడ వల్ల నష్టం ఎక్కడో తెలియాలంటే ఒక స్లైడు తయారయ్యే తీరు చూడాలి. ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన కాలేయపు ముక్కలోని నీటిని, గాఢత పెంచుకుంటూ పోయే ఆల్కహాల్‌తో తీసేస్తారు. తర్వాత జైలీన్, ఆపైన కరిగిన మైనం. మైనపు దిమ్మను మైక్రోటోమ్‌కు బిగించి చక్రం తిప్పితే ఐదు మైక్రాన్ల మందం పొరలు రిబ్బనులా వస్తాయి. గోరువెచ్చని నీటి మీద ముడతలు పోయాక వాటిని గాజు పలక మీదకు ఎత్తాలి. చెయ్యి వణికితే పొర చిరిగినట్టే. హిమటాక్సిలిన్ అద్దితే కేంద్రకాలు నీలంగా, ఇయోసిన్ అద్దితే కణద్రవ్యం గులాబీ రంగులో తేలతాయి. ఇంత చేసిన అనాటమీ విద్యార్థి చాలాసార్లు భాగాల పేర్లు గుర్తించి ఆగిపోతాడు. ఆ కణం ఎలా బతుకుతుందో, ఎందుకు క్యాన్సర్‌గా మారుతుందో అడిగే సాధనాలు అతని చేతిలో ఉండవు. అటు పెట్రీ డిష్‌లో కాలేయ కణాలు పెంచే పరిశోధకురాలు మనిషి కాలేయాన్ని ఒక్కసారైనా చేత్తో పట్టుకుని ఉండదు.

ఇక ఉద్యోగాల సంగతి. ఎంబీబీఎస్ చదివినవాళ్లలో ఎండీ అనాటమీ కోరుకునేవారు తక్కువ. 2023లో నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించాల్సి వచ్చింది. ఖాళీగా మిగిలే సీట్లలో ఇలాంటి నాన్‌క్లినికల్ విభాగాలవే ఎక్కువ. మరోవైపు మూడేళ్లు ఎమ్మెస్సీ మెడికల్ అనాటమీ చదివినవారికి బోధన పోస్టుల్లో ఉన్న 30 శాతం పరిమితిని 2020లో 15 శాతానికి తగ్గించారు. 2025 నిబంధనల్లో మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలోనూ ఎమ్మెస్సీ-పీహెచ్‌డీ అధ్యాపకులకు మళ్లీ తలుపు తెరిచారు. మంచిదే. కానీ కొన్నేళ్లకోసారి నియమం మారే చోట పిల్లలు ఏ ధైర్యంతో పీహెచ్‌డీకి ఐదారేళ్లు పెడతారు?

వైద్యుడు కానివాడు వైద్య విద్యార్థికి అనాటమీ చెప్పకూడదన్న వాదన ఉంది. శస్త్రచికిత్సకు అక్కరకొచ్చే భాగాల బోధనలో అందులో నిజముంది. హిస్టాలజీ, పిండశాస్త్రం, నాడీ నిర్మాణం అలా కాదు. అక్కడ ఆ విషయం మీద పరిశోధన చేసినవాళ్లే బాగా చెప్పగలరు.

విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు సీసీఎంబీ వంటి సంస్థలతో కలిసి ఉమ్మడి పీహెచ్‌డీ మొదలుపెట్టాలి. మొదటి ఏడాది డిసెక్షన్ హాల్లో, తర్వాత కణ ప్రయోగశాలలో. ఒక గైడ్ ఇక్కడ, ఇంకొకరు అక్కడ. స్టైపెండ్ నెలనెలా చేతికందాలి. చేరే రోజునే ఏ పోస్టులకు అర్హులో రాతపూర్వకంగా చెప్పాలి.