కలుపును మందుల దుకాణానికి వదిలేయొద్దు

సంగారెడ్డి జిల్లాలో గోధుమ జహీరాబాద్ వైపు నల్లరేగళ్లలో కొద్దిగా పండే పంటే. అయినా ఉత్తరాది గోధుమ రైతు కలుపుతో పడ్డ పాట్లు ఇక్కడి పత్తి రైతుకు తెలియాలి. గుల్లీ దండా అనే గడ్డి మొలక దశలో అచ్చం గోధుమలాగే ఉంటుంది. పీకి చూస్తే మొదలు దగ్గర ఎర్రటి చాయ కనబడుతుంది, అదే తేడా. చేత్తో ఏరడం అయ్యే పని కాదు కనుక వరి-గోధుమ పొలాల్లో ఐసోప్రోట్యూరాన్ అనే కలుపు మందును ఏటా కొట్టారు. 1990ల తొలినాళ్లకే హర్యానాలో గడ్డి ఆ మందుకు లొంగడం మానేసింది. కొత్త మందులు తెచ్చారు, కొన్నేళ్లకు వాటికీ మొండికేసింది. చెరకు, బర్సీమ్ మేత లాంటివి మార్చి వేసిన చోట ఈ బెడద తక్కువ. అంటే ఏటా అదే పంట వేసి అదే మందు కొట్టడమే మొండి గడ్డిని పెంచి పోషించింది.

మన దగ్గర ఆ దారి పత్తిలో తెరుచుకుంది. కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనానికి కేంద్రం అనుమతి లేదు, అయినా దొంగచాటుగా అమ్ముడవుతోంది. దాని మీద కొట్టే గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న పురుగు నివారణ సంస్థలే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. చేను గట్టు మీద ఆ ఉత్తర్వును అమలు చేసేదెవరు? రైతును తప్పుపట్టి లాభం లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలు నెల జీతం ఇస్తుంటే కలుపుకు కూలీలు రమ్మన్నా రారు. రానక్కర్లేదు కూడా, వంగి వంగి నడుము విరగ్గొట్టుకునే ఆ పని ఆడవాళ్ల నెత్తినే పడింది.

కూలీలు లేరు కనుక మందే దిక్కు అనే వాదన సగమే నిజం. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఎద్దులతో లాగించే చక్రాల పనిముట్టును మెరుగుపరచి, బోదెలు వేయడం నుంచి సాళ్ల మధ్య కలుపు తీయడం దాకా దానితో చేసి చూపింది. 1980ల మొదట్లో ఈ ప్రాంతంలోని తాడ్దాన్‌పల్లి రైతుల చేలల్లోనూ ఆ పద్ధతిని పరీక్షించారు. పనిముట్టు పనిచేసింది, కానీ దాని ధర చిన్న రైతుకు అందలేదు. నలభై ఏళ్ల తర్వాత పవర్ వీడర్ విషయంలో అదే తప్పు చేస్తున్నాం: సొంతంగా కొనుక్కొమ్మని సబ్సిడీ చూపిస్తున్నాం. రెండెకరాల రైతుకు కావలసింది గంటల లెక్కన అద్దె.

ముసురు పట్టినప్పుడు రేగడిలో గుంటుక దిగదన్నది కాదనలేని మాట. పత్తికి మొదటి రెండు నెలలూ కీలకం, కలుపు ఆగదు. అప్పుడు అనుమతి ఉన్న మందును, ఏటా రకం మార్చి, వాడుకోవచ్చు. అయితే మందుతో పోయేదీ ఉంది: జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు కలిపి వేసే పంటల్లోనైతే కలుపులో కొంత కూరగా వంటింటికి చేరుతుంది. గ్లైఫోసేట్ పడ్డ చేనులో ఆ కూర ఉండదు. వచ్చే వానాకాలానికి ముందే ప్రతి మండలంలో మహిళా సంఘాల చేతికి అద్దె పవర్ వీడర్లు, వాటిని నడిపేవారికి జీతం ప్రభుత్వం ఇవ్వాలి. అనుమతి లేని విత్తనం అమ్మిన దుకాణం లైసెన్సు రద్దు చేయాలి. కొన్న రైతు మీద కేసు పెట్టకూడదు.